పది రోజులు మాట్లాడకుండా కూర్చుంటే ఏమొస్తుంది?

(ఒంగోలులో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒక ఆదివారం సాయంత్రం, లెక్కలు చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ ఫ్యాను ఒక్క పాయింటు తగ్గిస్తే నా మాట వినపడుతుంది. ఆఁ, చాలు.

విపశ్యన అనే ధ్యాన శిబిరానికి వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి ఈ కాలనీలో అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు. కూరగాయల బండి దగ్గర అడిగారు, గుళ్లో అడిగారు, గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి కూడా అడిగాడు. పది రోజులు మాట్లాడకుండా ఎట్లా ఉన్నారు టీచరమ్మా, అని. సర్వీసంతా పిల్లల ముందు నిలబడి గొంతెత్తి చెప్పినదాన్ని కాబట్టి వాళ్లకు ఆశ్చర్యంగా ఉంది, న్యాయమే. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. వచ్చాక ఏం మారింది? వంటింట్లో ఏం మారింది, ఫోను ఎత్తినప్పుడు ఏం మారింది, ఇంట్లో పెద్దావిడకు సేవ చేసేటప్పుడు ఏం మారింది? నాకు చెప్పాలని ఉన్నది అది. అయితే అక్కడ ఏం చేస్తారో చెప్పకుండా నేరుగా దాంట్లోకి పోతే గాలి మాటల్లా ఉంటాయి, అందుకని ముందు అది చెప్తాను. కాస్త ఓపిక పట్టండి.

ఈ శిబిరాలు ఇప్పుడున్న పద్ధతిలో మన దేశంలో మొదలుపెట్టింది సత్యనారాయణ గోయెంకా గారు. 1924లో బర్మాలో, మాండలేలో పుట్టారు. వ్యాపార కుటుంబం. ఆయనకు విపరీతమైన మైగ్రేన్ తలనొప్పి ఉండేది, మార్ఫిన్ ఇంజక్షన్ల దాకా పోయింది వ్యవహారం. దేశాలు తిరిగి డాక్టర్లకు చూపించుకున్నారు, తగ్గలేదు. చివరికి రంగూన్‌లో సయాజీ ఊ బా ఖిన్ అనే ఆయన దగ్గరికి వెళ్తే, ఆయన ఏమన్నారో తెలుసా? తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావొద్దు అన్నారు. మనసు బాగుచేసుకోవడానికి వస్తానంటే రా, అది బాగైతే దాని వెంట తలనొప్పి పోతే పోతుంది. 1955లో గోయెంకా గారు మొదటిసారి కూర్చున్నారు. 1969లో ఇండియా వచ్చి బొంబాయిలో మొదటి శిబిరం పెట్టారు. 1976లో మహారాష్ట్రలో ఇగత్‌పురి కేంద్రం మొదలైంది, అదే ఏడాది మన హైదరాబాదులోనూ. 2012లో పద్మభూషణ్ ఇచ్చారు, 2013లో పోయారాయన.

ఆ ఊ బా ఖిన్ గారి ఉద్యోగం ఏమిటో చెప్పనా? బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. ఫైళ్లు, పద్దులు, ఆడిట్లు చూసే మనిషి. పెళ్లాం పిల్లలున్న మనిషి. ఆఫీసులోనే ఒక గది పెట్టి సిబ్బందిని ధ్యానానికి కూర్చోబెట్టేవారు. లెక్కల మనిషిని కదా, నాకు ఈ సంగతి చాలా నచ్చింది. ధ్యానం అనగానే మనం హిమాలయాలు, గడ్డాలు అనుకుంటాం. ఇది మాత్రం ఉద్యోగం చేసుకునేవాళ్లు, సంసారం చేసుకునేవాళ్లు నేర్చుకోవడానికి వచ్చింది. 1994లో తీహార్ జైల్లో వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకేసారి కూర్చున్నారు, కిరణ్ బేడీ గారు అక్కడ జైళ్ల పెద్ద అధికారిగా ఉన్న రోజుల్లో. ఖైదీలు కూర్చోగా లేనిది మనం కూర్చోలేమా?

ఇంకోమాట. ఇదేదో మనకు సంబంధం లేని ఊరి సంగతి అనుకోకండి. దొనకొండ దగ్గర చందవరం కొండ మీద స్తూపం ఎవరైనా చూశారా? చేతులెత్తండి. ఇద్దరు, ముగ్గురు... అంతేనా! గుండ్లకమ్మ ఒడ్డున ఉంది, శాతవాహనుల కాలం నాటిది, రెండంతస్తుల మహాస్తూపం, 1964లో బయటపడింది. బౌద్ధ భిక్షువులకు వర్షావాసం అని ఒక నియమం, వానాకాలం మూడు నెలలు ఊళ్లు తిరగకుండా ఒకేచోట ఉండి సాధన చేసుకోవాలి. అట్లాంటివాళ్లు మసిలిన కొండ మన జిల్లాలోనే ఉంది. సెలవు రోజు పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

మౌనం కూడా మనకు కొత్తేం కాదు. గాంధీగారికి సోమవారం మౌనవ్రతం. ఏదైనా చెప్పాలంటే కాగితం ముక్క మీద రాసిచ్చేవారు. నెల్లూరు పక్కన పల్లెపాడులో, పెన్న ఒడ్డున, 1921 ఏప్రిల్ 7న ఆశ్రమం ప్రారంభించింది ఆయనే, మీలో చాలామంది చూసే ఉంటారు. అంత పని నెత్తిన పెట్టుకున్న మనిషి, దేశం మొత్తం ఆయన మాట కోసం ఎదురుచూస్తుంటే, వారానికి ఒక రోజు మాటకు సెలవిచ్చారంటే ఆలోచించండి. తీరిక ఉండి చేశారా? తీరిక లేకే చేశారు.

సరే, శిబిరం. నేను ఒంగోలులో రైలెక్కి ఏలూరులో దిగి, అక్కడి నుంచి విజయరాయి కేంద్రానికి వెళ్లాను. నాగార్జునసాగర్ హిల్ కాలనీలోనూ ఒకటుంది, మన మార్కాపురం వైపు వాళ్లకు అదే నయం. ఎక్కడైనా పద్ధతి ఒక్కటే. వెళ్లగానే ఫోను, పర్సు, పుస్తకాలు, పెన్ను అన్నీ ఇచ్చేయాలి. ఆడవాళ్లకు వేరే, మగవాళ్లకు వేరే. అయిదు శీలాలు పాటిస్తామని ఒప్పుకోవాలి. ప్రాణం తీయకూడదు, దొంగతనం చేయకూడదు, అబద్ధం ఆడకూడదు, బ్రహ్మచర్యం, మత్తు పదార్థాలు ముట్టకూడదు. ఆ రాత్రి నుంచి మౌనం మొదలు, దాన్ని ఆర్య మౌనం అంటారు. మాటే కాదు, సైగలు లేవు, కళ్లతో పలకరించుకోవడం కూడా లేదు. సాధన గురించి సందేహమొస్తే ఆచార్యుల్ని అడగొచ్చు, దుప్పటి కావాలన్నా నీళ్లు రావడం లేదన్నా సేవకులకు చెప్పొచ్చు. అంతవరకే.

మౌనం ఎందుకు పెట్టారో కూడా చెప్తారు. మనం నోరు విప్పితే ఎంతో కొంత పెంచో తగ్గించో మాట్లాడతాం. "ఎట్లా ఉంది వదినా?" అంటే, "బ్రహ్మాండంగా ఉంది" అంటాం, లోపల ప్రాణం పోతున్నా సరే. పైగా పక్కావిడ "నాకు ఒళ్లంతా వెలుగు కనపడింది" అని ఒక మాట అన్నదనుకోండి, ఇక మనకు టెన్షన్, నాకెందుకు కనపడలేదని. నోరు కట్టేస్తే ఈ పోలికలన్నీ తెగిపోతాయి. ఎవరి లెక్క వాళ్లు చేసుకుంటారు.

పొద్దున నాలుగింటికి గంట కొడతారు. నాలుగున్నరకు కూర్చోవాలి. ఆరున్నరకు టిఫిను, పదకొండింటికి భోజనం. సాయంత్రం అయిదింటికి టీ, మొదటిసారి వెళ్లినవాళ్లకు పండో మరమరాలో ఇస్తారు, రాత్రి భోజనం లేదు. ఏడింటికి గోయెంకా గారి ప్రసంగం వేస్తారు, మనకు తెలుగులో వినిపిస్తారు. తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పేస్తారు. మిగతాదంతా కూర్చోవడమే, రోజుకు దాదాపు పది గంటలు. చాలామంది అక్కడికి రెస్టు కోసం వెళ్తారనుకుంటారు, అందుకని ఇది గట్టిగా చెప్తున్నా. రెస్టు కోసమైతే కొత్తపట్నం బీచికి పోయి రండి. అక్కడ పని ఉంటుంది. ఒళ్లు వంచి చేసే పని.

మొదటి మూడు రోజులు ఆనాపాన. వచ్చే ఊపిరిని, పోయే ఊపిరిని గమనించడం. ఊపిరిని బిగబట్టడం లేదు, లెక్కపెట్టడం లేదు, మంత్రం లేదు. ముక్కు రంధ్రాల దగ్గర గాలి ఎట్లా తగులుతోంది, కుడిపక్కా ఎడమపక్కా, చల్లగా వెళ్తోందా వెచ్చగా వస్తోందా, అంతే. వినడానికి ఎంత తేలిక! నాలుగు ఊపిరులు చూసేసరికి మనసు ఎక్కడికో పోతుంది. పొయ్యి మీద పాలు, చీటీ డబ్బులు, ఎప్పుడో ఒక పెళ్లిలో మా తోడికోడలు అన్న మాట. అన్నావిడ ఆ పూటే మర్చిపోయి ఉంటుంది, నేను మాత్రం ఆ హాల్లో కళ్లు మూసుకుని ఆవిడకు జవాబు చెప్తూ కూర్చున్నాను, ఒకదాని మీద ఒకటి, ఎంత బాగా చెప్పానో!

అందుకే చెప్తున్నా, మౌనం కష్టం కాదు. వినండి, మౌనం కష్టం కాదు. నోరు ఒక పూటలో సర్దుకుంటుంది. లోపల వాగేది ఉంది చూశారూ, అది ఆగదు. మనం బోరు వేయించినప్పుడు చూడండి, ముందు గంటలు గంటలు బురద నీళ్లే పడతాయి, చూసేవాళ్లు ఇక ఇంతేనా అనుకుంటారు, అయినా మోటారు ఆపరు. అట్లా ఆపకుండా నడవనివ్వాలి.

చదవడానికి అక్షరం ఉండదు అక్కడ. పొద్దున్నే పేపరు చదవనిదే కాఫీ దిగని మనిషిని నేను. మూడో రోజు మధ్యాహ్నం విశ్రాంతి వేళ, గదిలో సబ్బు కవరు చేతిలోకి తీసుకుని దాని మీద ఉన్నదంతా చదివాను. బరువు, ధర, తయారైన నెల, కస్టమర్ కేర్ నంబరు. మళ్లీ మొదటి నుంచి చదివాను. చదువుతుంటే తెలిసింది, నాకు కావాల్సింది ఆ సమాచారం కాదే, నా చేయి ఊరికే ఉండలేక ఏదో ఒకటి వెతుకుతోంది. ఇంట్లో ఫోను తెరిచి పైకి కిందకి జరిపేటప్పుడు చేసేదీ ఇదే కదా? మీరూ చేస్తారు కదా? ఆ వెతుకులాటకు ఒక రుచి ఉంది, గుండెల దగ్గర సన్నగా లాగుతుంది. అది నాకు ఆ సబ్బు కవరు పట్టుకున్నప్పుడు మొదటిసారి స్పష్టంగా తెలిసింది. ఇప్పుడు ఫోను మీదికి చేయి పోయేటప్పుడు ఆ లాగుడు తెలుస్తుంది. తెలిసిన ప్రతిసారీ ఆగిపోతానని చెప్పను, చాలాసార్లు మాత్రం చేయి వెనక్కి వస్తుంది.

నాలుగో రోజు విపశ్యన నేర్పుతారు. తల నుంచి కాళ్ల దాకా, కాళ్ల నుంచి తల దాకా, ఒళ్లంతా మనసుతో చూసుకుంటూ పోవడం. ఎక్కడ వేడి, ఎక్కడ దురద, ఎక్కడ బరువు, ఎక్కడ జివ్వుమంటోంది. చూడాలి, ఊరుకోవాలి. బాగుంటే ఇంకా కావాలనుకోకూడదు, బాధగా ఉంటే పోవాలనుకోకూడదు. ఆ రోజు నుంచే అధిష్ఠానం, రోజుకు మూడుసార్లు, గంటసేపు కళ్లు తెరవకుండా, కాళ్లూ చేతులూ కదపకుండా కూర్చోవాలి.

గంట! అరగంట దాటేసరికి నా కుడి మోకాలు మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వినండి, ఇది మీ కోసం. ముందు నొప్పి అనేది ఒక్కటే ముద్ద. "అమ్మో నా మోకాలు, ఇది చెడిపోతుంది, ఆపరేషన్ అంటారు, ఎవరు చేస్తారు నాకు, పిల్లలు ఎక్కడో ఉన్నారు"... చూశారా, ఎక్కడిదాకా పోయిందో? మోకాలు అట్లాగే ఉంది, నేను ఆపరేషన్ థియేటర్ దాకా పోయాను. చెప్పినట్టు తిరిగి మోకాలి దగ్గరికి వచ్చి చూశాను. అక్కడేముంది? చిప్ప పక్కన వేడి. దాని కింద నాడి కొట్టుకుంటున్నట్టు ఒక పోటు, పోటుకీ పోటుకీ మధ్య చిన్న ఖాళీ. ఇంకొంచెం చూస్తే వేడికి అంచు ఉంది, ఆ అంచు జరుగుతోంది, కాసేపటికి పిక్కలోకి దిగింది. నొప్పి పోయిందా? పోలేదు. దాని మీద నేను పేర్చుకున్న ఆపరేషను, పిల్లలు, ఒంటరితనం, అవి పోయాయి. మిగిలిన నొప్పి భరించగలిగినంతే ఉంది. ఇది ఎవరో చెబితే నమ్మేది కాదు, కూర్చుని చూడాల్సిందే.

మోకాళ్లు మరీ బాగాలేనివాళ్లకు కుర్చీ ఇస్తారు, భయపడకండి. మొండిపట్టుతో కీలు పాడుచేసుకోమని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అసలు విషయం. ఇంటికొచ్చాక.

మా అత్తగారు మాతోనే ఉంటారు, మీ అందరికీ తెలుసు. మతిమరుపు జబ్బు. మా వాళ్లది మొదటి నుంచి పొగాకు సేద్యం. బ్యారన్‌లో, అంటే పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, ఆకు కాల్చేటప్పుడు రాత్రంతా ఎవరో ఒకరు కొలిమి దగ్గర ఉండి కట్టెలు ఎగదోస్తూ వేడి చూసుకోవాలి, కొంచెం అటూ ఇటూ అయితే ఆకు రంగు పోతుంది, రేటు పోతుంది. ఆ బ్యారన్ పడగొట్టి ఎన్నేళ్లయిందో. ఆవిడ లెక్కలో మాత్రం అది మండుతూనే ఉంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ నుంచి మొదలుపెడతారు, "అమ్మాయ్, బ్యారన్‌లో మంట చూసొచ్చారా?" అని. చూసొచ్చాం అత్తయ్యా, అంటాను. రెండు నిమిషాలకు మళ్లీ, "అమ్మాయ్, మంట చూసొచ్చారా?" మళ్లీ. మళ్లీ. నిద్రపోయేదాకా.

ఇట్లాంటివాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లకు తెలుస్తుంది నేను చెప్పేది. మొదటి నాలుగుసార్లు ప్రేమగానే చెప్తాం. తర్వాత గొంతు మారుతుంది. మాట అదే, "చూసొచ్చాం అత్తయ్యా" అనే, కానీ గొంతులో ముల్లు ఉంటుంది. ఆవిడకు మాట గుర్తుండదు, ముల్లు గుచ్చుకోవడం మాత్రం తెలుస్తుంది. ముఖం చిన్నదైపోతుంది.

శిబిరం నుంచి వచ్చాక కొన్నాళ్లకు గమనించాను, ఆ ముల్లు వచ్చే ముందు నాకు చెవుల వెనక వేడి పుడుతుంది. దవడ బిగుసుకుంటుంది. ఊపిరి పైపైన ఆడుతుంది. ఇదంతా మాట నోటి దాకా వచ్చే లోపలే జరుగుతుంది, రెండు మూడు క్షణాల్లో. ఇంతకుముందూ జరిగే ఉంటుంది కదా? జరిగే ఉంటుంది, నాకు తెలియలేదు. పది రోజులు చేసిందల్లా అదే కదా, ఒంట్లో ఏం పుడుతోందో చూడటం, చూసి ఊరుకోవడం. ఇప్పుడు చెవుల వెనక వేడి పుట్టగానే తెలుస్తుంది. తెలిస్తే చాలు, ఒక్క ఊపిరి చూసుకుంటే ఆ వేడి అక్కడే కాసేపు ఉండి దిగిపోతుంది. అప్పుడు "చూసొచ్చాం అత్తయ్యా, మంట బాగుంది, ఆకు పసుపు తిరుగుతోంది" అంటాను. ఆకు పసుపు తిరుగుతోందంటే ఆవిడ ముఖం చూడాలి మీరు! ఆ మాట నేను కావాలని ఆలోచించి పెట్టుకున్నది కాదు. కోపం దిగితే చోటు దొరికింది, ఆ చోట్లో మంచి మాట వచ్చింది.

నేను చెప్పాలని వచ్చింది ఇదే. ఆ రెండు మూడు క్షణాలు. శిబిరం వల్ల నాకు వచ్చింది అవే. నాకు వెలుగులు కనపడలేదు, పూర్వజన్మలు గుర్తుకు రాలేదు. మాటకు ముందు రెండు మూడు క్షణాలు చేతికొచ్చాయి. అవి ఎంత పెద్ద ఆస్తో ఇంట్లో మనుషులతో బతికేవాళ్లకు తెలుస్తుంది.

ఇంకొకటి. నేను ఇప్పటికీ సాయంత్రాలు కొంతమంది పిల్లలకు లెక్కలు చెప్తాను. క్లాసులో ప్రశ్న వేస్తాం, "ఎక్స్ విలువ ఎంత?" అని. వేసి ఎంతసేపు ఆగుతాం? ఇక్కడ టీచర్లున్నారు, చెప్పండి. ఆగం. ముందు వరసలో ఒకడు టక్కున చెప్పేస్తాడు, లేకపోతే మనమే చెప్పేస్తాం. నిశ్శబ్దం అంటే మనకు భయం, క్లాసు చేయి జారిపోతుందేమోనని. పది రోజులు నిశ్శబ్దంలో ఉండి వచ్చాక ఆ భయం పోయింది నాకు. ప్రశ్న వేసి ఆగుతున్నా. చేతులెత్తినవాళ్లను దించమంటున్నా. ఒక అమ్మాయి ఉంది, ఎప్పుడూ నోరెత్తేది కాదు, ఆ పిల్లకు రాదనే అనుకునేవాళ్లు ఇంట్లో కూడా. ఆగితే ఏం చేసిందో తెలుసా? పెన్సిలు పక్కన పెట్టి, వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని, సమాధానం చెప్పింది, ఎట్లా వచ్చిందో కూడా చెప్పింది, నేను బోర్డు మీద చేసిన పద్ధతి కాదు, వేరే దారి. ఆ పిల్లకు లెక్క రాక కాదు, మనం వేళ ఇవ్వక!

ఫోన్లో కూడా అంతే. మా పుట్టింటివైపు పొలం గట్టు గొడవ ఒకటి నడుస్తోంది, తమ్ముడు ఫోను చేశాడంటే అదే. వాడు చెప్పేది సగంలో ఉండగానే నా జవాబు తయారైపోయేది. ఇప్పుడు పూర్తిగా వింటున్నా. పూర్తిగా వింటే వాడికి గట్టు కంటే ఎక్కువ బాధ, ఎదుటివాడు నలుగురిలో అన్న మాట మీద ఉందని అర్థమైంది. గొడవ తీరిందా అంటే, లేదు, సర్వేయరు రావాలి, అది వేరే సంగతి. ఫోను పెట్టేశాక మా ఇద్దరికీ రాత్రి నిద్ర పడుతోంది.

తిండి దగ్గర ఒక చిన్న మాట. మాట్లాడకుండా, టీవీ లేకుండా తింటే ఎప్పుడు కడుపు నిండిందో తెలుస్తుంది. ఇంతకంటే దీని గురించి చెప్పడానికేం లేదు.

ఇక్కడ డాక్టర్లు, చదువుకున్న పిల్లలు ఉన్నారు, రుజువేమిటి అంటారు. అనాలి కూడా. 2014లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు ధ్యానం మీద జరిగిన 47 పరీక్షల్ని, మొత్తం 3515 మందిని, కలిపి చూశారు. ఆందోళన, డిప్రెషన్, నొప్పి, ఈ మూడింటి మీద ఒక మోస్తరు మేలు ఉందని తేలింది. మోస్తరు, అంతే. నిద్రకీ బరువు తగ్గడానికీ గట్టి ఆధారం దొరకలేదు. మందుల కంటే, వ్యాయామం కంటే ఎక్కువ పనిచేస్తుందని కూడా తేలలేదు. పైగా వాళ్లు చూసినవి చాలావరకు వారాల తరబడి జరిగే క్లాసులు, మనం చెప్పుకునే పది రోజుల మౌన శిబిరాలు కావు. కాబట్టి షుగరు పోతుంది, క్యాన్సరు పోతుంది అని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే నమ్మకండి, ముందుకు పంపకండి. అట్లాంటి మాటలు ఈ విద్యకే చెడ్డపేరు తెస్తాయి, నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇది అందరికీ, అన్ని వేళలా పనికొచ్చేదీ కాదు. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు, ఈ మధ్యే పెద్ద దెబ్బ తిని ఇంకా తేరుకోనివాళ్లు తొందరపడి వెళ్లకూడదు. రోజుకు పది గంటలు లోపలికి చూడటం చిన్న పని కాదు, కొంతమందికి ఆందోళన ఎక్కువ కావొచ్చు. అప్లికేషన్‌లో ఆరోగ్యం గురించి వివరంగా అడుగుతారు, దాచకుండా రాయాలి. సైకియాట్రిస్టు దగ్గర మందులు వాడుతున్నవాళ్లు ముందు ఆయన్ని అడగండి. శిబిరం కోసమని మందు మానేయడం మాత్రం వద్దు. వద్దంటే వద్దు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు అక్కడ మామూలుగా వేసుకోవచ్చు.

మతం సంగతి కూడా అడుగుతున్నారు కొందరు. మతం మార్చరు. నా పక్క గదిలో ఒక క్రైస్తవ సోదరి ఉన్నారు, మాటలు మొదలయ్యాక తెలిసింది. ఆ పది రోజులు జపమాల, ఉపవాసం, పూజ పక్కన పెట్టమంటారు, నేర్పేదాన్ని దేంతోనూ కలపకుండా చూడమని. ఇంటికొచ్చాక ఎవరి దేవుడు వాళ్లకే. నేను వచ్చిన రోజే దీపం పెట్టుకున్నాను.

డబ్బు తీసుకోరు. భోజనానికి, గదికి, దేనికీ ఫీజు లేదు. శిబిరం పూర్తిచేసినవాళ్లు తమకు తోచినంత ఇస్తే దాంతో తర్వాతివాళ్లకు జరుగుతుంది. పూర్తిచేయనివాళ్లు ఇస్తామన్నా తీసుకోరు. నేను తిన్న అన్నం ఎవరు పెట్టారో నాకు తెలియదు. మొదటి రోజు కంచం ముందు కూర్చుంటే ఈ ఆలోచనకు గొంతు పట్టేసింది. ఉచితం అంటే మనకు చులకన కదా, అక్కడ మాత్రం కంచంలో మెతుకు వదలబుద్ధి కాలేదు.

ఇక ఆడవాళ్ల సంగతి, ఇది కాస్త నిలబడి చెప్పాలి. మగవాళ్లు ఆఫీసులో సెలవు పెట్టి వెళ్లిపోతారు. ఆడమనిషి పది రోజులు ఇల్లు వదలాలంటే? "నువ్వు లేకపోతే ఇల్లు ఎట్లా?" ఈ ప్రశ్న నలుగురూ అడుగుతారు, అందరికంటే ముందు మనమే అడుగుతాం. నేను వెళ్లే ముందు అత్తగారి మాత్రలు పూట పూటకీ కవర్లలో పెట్టి, పేర్లు రాసి, ఫ్రిజ్ మీద చార్టు అంటించాను. మా ఆయన మొదట కంగారుపడ్డారు. శిబిరం ఆఫీసు నంబరు ఇంట్లో ఇచ్చాను, ఏదైనా ఎమర్జెన్సీ అయితే వాళ్లకు ఫోను చేస్తే మనకు చెప్తారు. ఫోను రాలేదు. నేను వచ్చేసరికి ఆయనకు పప్పుచారు, రెండు వేపుళ్లు వచ్చాయి, అత్తగారికి ఏ వేళకు ఏ మాత్రో చార్టు చూడకుండా చెప్తున్నారు. ఇల్లు ఆగలేదు. ఇక్కడ కూర్చున్న అన్నదమ్ములకు చెప్తున్నా, మీ ఇంట్లో వాళ్లు వెళ్తామంటే అడ్డు చెప్పకండి. వాళ్లు తిరిగొచ్చాక మీకూ మేలే.

ఏమ్మా, ఏదో అడుగుతున్నావు? గట్టిగా చెప్పు... పది రోజుల ప్రభావం ఎన్నాళ్లు ఉంటుంది అంటోంది. మంచి ప్రశ్న. కూర్చోకపోతే కొన్ని వారాలకే పలచబడిపోతుంది, ఉన్నమాట చెప్తున్నా. పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమంటారు. నాకు తెల్లవారుజామున కుదురుతుంది, పాలవాడు రాకముందే. సాయంత్రం అత్తగారి పనితో ఒక్కోరోజు కుదురుతుంది, ఒక్కోరోజు కుదరదు. కుదరని వారం నా గొంతులో తేడా మా ఆయనకు ముందు తెలుస్తుంది.

పది రోజులు ఎట్లాగూ దొరకదు, ఏం చేయమంటారు, అని ఇటువైపు అన్నగారు అడుగుతున్నారు. విపశ్యన నేను నేర్పకూడదు, నేర్పే అర్హత నాకు లేదు, అది శిబిరంలోనే నేర్చుకోవాలి. ఆనాపాన మాత్రం ఎవరైనా మొదలుపెట్టొచ్చు, పది నిమిషాల మినీ ఆనాపాన ఆడియో వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంది. ఫోను సైలెంట్‌లో పెట్టి, పక్కగదిలో వదిలేసి కూర్చోండి. అయితే అది పది రోజులకు బదులు అనుకోవద్దు. దసరా సెలవులో, పిల్లల పరీక్షలయ్యాకో ఎప్పుడో ఒకప్పుడు వీలు చేసుకోండి.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే, ధమ్మ డాట్ ఓఆర్‌జీ అని కొడితే వస్తుంది. సీట్లు తొందరగా నిండిపోతాయి, ముఖ్యంగా ఎండాకాలం సెలవుల్లో, అందుకని ముందే పెట్టుకోవాలి. నింపడం తెలియనివాళ్లు వచ్చే ఆదివారం ఇదే వేళకు ఇక్కడికి రండి, ల్యాప్‌టాప్ తెస్తాను, కూర్చుని నింపుదాం. ఆధార్ కార్డు తెచ్చుకోండి, వాడే మందుల చీటీ కూడా తెచ్చుకోండి. సరే, టీ వచ్చినట్టుంది, మిగతా ప్రశ్నలు టీ తాగుతూ అడగండి.